దొరగారి వెచ్చని గోడ

దువ్వాడలో మా తమ్ముడి కూతురు శైలు ఉండే ఫ్లాటులో పాముకి ప్రత్యేకంగా ఒక గది ఉంది. ఉద్యోగం వచ్చి నర్సుల హాస్టల్లో మంచం ఇచ్చేదాకా నాకంటూ ఒక మూల లేదు, గది మాట దేవుడెరుగు. దసరా వెళ్ళిన ఆదివారం, చర్చి అయ్యాక భోజనానికి రమ్మంటే వెళ్ళాను. చేపల పులుసు తిని చేతులు కడుక్కుంటుంటే "అత్తా, మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది, చూద్దువుగాని రా" అని లాక్కుపోయింది. గోడ పొడుగునా గాజు పెట్టె. దాని అడుగున ఒక పక్కగా కరెంటుతో వేడెక్కే పలచటి చాప. వేడి పక్కన ఎంతుందో, చల్లపక్కన ఎంతుందో అంకెలు చూపించే రెండు యంత్రాలు. లోపల కొబ్బరిపీచు పరుపు, దాక్కోవడానికి రెండు గూళ్ళు, తాగడానికి నీళ్ళ పళ్ళెం. ఆ పళ్ళెం చుట్టూ చుట్టుకుని, పండిపోయిన కాకరకాయ రంగులో, ఒక పాము పడుకుని ఉంది.

"కార్న్ స్నేక్ అంటారత్తా. అమెరికాది. విషం లేదు, భయపడకు" అంది శైలు.

భయమా, నా మొహమా! ఆ రంగు చూసి నా కాళ్ళు ఎందుకు ఆగిపోయాయో దానికేం తెలుసు. దాని నాన్న కూడా పుట్టకముందు సంగతి. ఆ పాము పేరు నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. మా ఇంట్లో దాని పేరు దొర. మా దొరని మా పక్కింటి వరాలమ్మ మామ్మ చంపేసిందని పన్నెండేళ్ళ వయసు నుంచి నమ్ముతూ వచ్చాను. ఆవిడ బతికుండగా మళ్ళీ మాట్లాడలేదు. పోయాక కూడా క్షమించలేదు. ఆదివారం ఆదివారం "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని నోటితో అంటూనే మనసులో ఆవిడని లెక్కలోంచి తీసి పక్కన పెట్టేదాన్ని. అలాంటిది, ఆ గాజు పెట్టె ముందు నిలబడి శైలు మామూలుగా ఒక మాట చెప్పింది. దాంతో నా కోపానికి ఇల్లు లేకుండా పోయింది. ఆ మాట దగ్గరికి వస్తాను. ఎక్కడ మొదలైందో అక్కణ్ణుంచే చెప్తాను. నిదానంగా చెప్పమని మాత్రం ఎవరూ అడక్కండి, నా వల్ల కాదు.

విశాఖపట్నం మల్కాపురంలో మాది లైనిల్లు. ఒకే పెంకుల కప్పు కింద ఎనిమిది వాటాలు. వాటాకి ముందొక గది, వెనక వంటిల్లు, ఆ వెనక అందరికీ కలిపి ఒక పెరడు. పొద్దున్న లేస్తే రిఫైనరీలో నూనె కాగుతున్న వాసన, మధ్యాహ్నం గాలి తిరిగితే పోర్టులో ఓడలకెక్కించే ఇనపరాయి దుమ్ము. అమ్మ ఉతికి ఆరేసిన తెల్ల జాకెట్లు సాయంత్రానికి ఇటికరంగుకి తిరిగేవి. అమ్మ ఆ దుమ్మునీ, దుమ్ము తెచ్చిన గాలినీ, గాలి పుట్టించిన సముద్రాన్నీ రోజూ వరసపెట్టి తిట్టేది. నా నోరు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. మా వంటింటికీ పక్కింటి వంటింటికీ మధ్య ఒక్క ఇటిక మందాన గోడ. ఆ గోడ అవతల ఉండేది వరాలమ్మ మామ్మ. ఆవిడకి పిల్లల్లేరు, మనవల్లేరు, లైనంతటికీ మామ్మే. ఇడ్లీలు అమ్ముకుని బతికేది. కోడి కూయకముందే ఆవిడ పొట్టు పొయ్యి సిద్ధమయ్యేది. ఇనప డబ్బా పొయ్యి మధ్యలో ఖాళీ సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి దట్టంగా కూరి, సీసా మెల్లిగా పైకి లాగేసేది. ఆ సందులో నిప్పు అంటిస్తే మధ్యాహ్నం దాకా నిదానంగా కణకణలాడుతూ ఉండేది. సాయంత్రం పునుగులకి మళ్ళీ ఇంకో డబ్బా. చలికాలంలో మా వంటింటి గోడకి వీపు ఆనిస్తే దుప్పటి అక్కర్లేదు.

నాన్న పోర్టులో క్రేను డ్రైవరు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కారియరు గట్టు మీద పెట్టి, ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళాడు. అమ్మ రోజూలాగే కారియరు విప్పింది. పై గిన్నె మూత తీసి పెట్టిన కేకకి లైనంతా పోగయింది.

"ఏటండీ ఇది! అన్నం పెట్టిన గిన్నెలో పామేటండీ!"

"అరవకే, గుంట జడుసుకుంటాది" అన్నాడు నాన్న తడి కాళ్ళతో పరిగెత్తుకొస్తూ. "మొక్కజొన్న ఓడలోంచి దిగిందది. కళాసీలు కొట్టేత్తంటే సూడలేకపోనాను. పెన్సిలంత నేదు, దానికి ఇసమేటి!"

"ఇసం నేదని మీకెవడు సెప్పాడు?"

"నన్ను మూడుసార్లు కరిసింది. నాను సచ్చేనా?"

అమ్మ ఆ గిన్నెలో మళ్ళీ అన్నం పెట్టలేదు. దేశాంతరం నుంచి ఓడెక్కి వచ్చింది కాబట్టి నాన్న దానికి దొరగారు అని పేరు పెట్టాడు. పొద్దున్న లేస్తూనే "దొరగారు నిద్ర లేసినారా?" అని అడిగేవాడు. మా నాన్న నవ్వడం నాకు ఆ దొర వచ్చాకే తెలుసు. అంతకుముందు ఆయన డ్యూటీ, నిద్ర, డ్యూటీ.

మొదట దొరకి చిల్లులు పొడిచిన బిస్కట్ల డబ్బా ఇచ్చాం. రెండు నెలల్లో చాలలేదు. అప్పుడు టీ పొడి వచ్చే చెక్క పెట్టె తెచ్చి, ముందుకి జాలీ కొట్టాడు నాన్న. పరుపుకి మామ్మ రంపపు పొట్టే. మొదటి చలికాలం దొర తినడం మానేసి ముడుచుకుని పడుకుంటే, నలభై క్యాండిల్ బల్బు ఒకటి పెట్టెలో వేలాడదీశాడు. దొర పోయి ఆ బల్బునే చుట్టుకున్నాడు. పొద్దున్న చూస్తే వీపు మీద రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ. నాన్న తన చెంప మీద తనే ఫట్ మని కొట్టుకున్నాడు. ఆ తర్వాత బల్బుని మట్టి ముంతలో బోర్లించి, ముంతని పెట్టె బయట ఒక పక్కకి ఆనించాడు. రెండో పక్క చల్లగానే ఒగ్గేశాడు. ఎందుకలాగ నాన్నా అంటే, "నా క్రేను కేబిను మొత్తం ఏడే. నీడకి జరగడానికి నాకు జానెడు జాగా నేదు. ఈడికి ఉండనీ. ఏడి కావాలంటే అటు పోతాడు, వద్దంటే ఇటొత్తాడు" అన్నాడు. నాలుగో తరగతి చదివిన మనిషి. శైలు గాజు పెట్టెలో రెండు యంత్రాలు పెట్టి చూసుకుంటున్నది ఇదే కదా! దానికి ఎక్కడో పుస్తకాల్లో చదివితే తెలిసింది. మా నాన్నకి తను ఉడికిపోతేగాని తెలియలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో తెలియదు.

రెండో ఏడు దాటేసరికి దొర నా చెయ్యంత పొడుగయ్యాడు, టీ పెట్టెలో తిరగడానికి లేదు. నాన్న కన్ను అమ్మ జాలీ బీరువా మీద పడింది. పాలు, పెరుగు, మిగిలిన కూరా పిల్లులకందకుండా దాచుకునే బీరువా. అమ్మకి పుట్టింటి నుంచి వచ్చిన వస్తువు అదొక్కటే. వారం రోజులు యుద్ధం జరిగింది. "నా పెరుగు ఏ గంగలో పెట్టుకోమంటారు?" అని అమ్మ, "ఉట్టి కడతాను" అని నాన్న. చివరికి ఉట్టే గెలిచింది. బీరువాని ఎక్కడ పెట్టాలో వెతకడానికి నాన్న వంటింటి గోడంతా వెనుచేత్తో తడిమాడు, తర్వాత రోజుల్లో వార్డులో నేను జ్వరం పిల్లల నుదురు తడిమినట్టు. ఒకచోట ఆగి సుద్దతో గుండ్రం గీశాడు. సరిగ్గా అవతల మామ్మ పొయ్యి. మామ్మని అడిగి, మా వైపు నుంచి ఆ గుండ్రంలో గోడని సగం మందం తొలిచి, బీరువా వీపు చెక్క ఊడదీసి అక్కడ ఆనించాడు. పగలంతా మామ్మ పొయ్యి, పొయ్యి చల్లారాక ముంతలో బల్బు. దొర ఆ గోడకి ఒళ్ళు ఆనించి పడుకునేవాడు. ఆ ఏడాది వాడు పెరిగినట్టు నేను పెరగలేదు.

తిండి కూడా మామ్మ దగ్గర్నుంచే. ఆవిడ బియ్యం బస్తాల వెనక ఎలకలకి కరువు లేదు. బోనులో పడ్డదాన్ని తోక పట్టుకుని పెరట్లోంచి నన్ను పిలిచేది. "రూతమ్మా, ఇదిగో మీ దొరగారికి క్యారేజీ ఒచ్చింది!" వాడి ముందు కూచుని "నాయినా, నాగన్నా" అని చేతులు జోడించేది. మా సంఘంలో పెద్దలేమో ఇంటికొచ్చి, ఆదిలో హవ్వని చెడగొట్టినది అదేననీ, తల చితక్కొట్టాలి గానీ తిండి పెట్టకూడదనీ అమ్మకి బోధ చేసి, ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళారు. అమ్మ రెండు రోజులు ఏడ్చింది. ఒకరికి సైతాను, ఒకరికి దేవుడు. వాడొక పాము అనీ, వాడికి వెచ్చగా ఉండాలనీ, ఆకలేస్తుందనీ ఆలోచించింది మా నాన్నా, నేనూ మాత్రమే అని అప్పట్లో నాకు చాలా గర్వంగా ఉండేది.

ఇక ఆ నాగులచవితి. ముందురోజు మధ్యాహ్నం బోనులో పెద్ద ఎలక పడింది. అంత పెద్దది దొర అంతకుముందు తినలేదు. వేశాను. కష్టపడి మింగాడు, పొట్ట దగ్గర ఇంత లావు. సాయంత్రానికి తుఫాను గాలి మొదలైంది. క్రేన్లు గొలుసులతో కట్టెయ్యాలని పోర్టు నుంచి మనిషి వచ్చి నాన్నని తీసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ నాన్న నాకు చెప్పింది ఒకటే. "దొరగారికి సలి తగలనియ్యకు అమ్మా." ఆ రాత్రే కరెంటు పోయింది. తెల్లారి లేచి గోడ మీద చెయ్యి పెట్టాను. చల్లటి గోడ. మామ్మ పొయ్యి వెలగలేదు.

వానలో పరిగెత్తుకెళ్ళాను. మామ్మ తలంటు పోసుకుని, నానబెట్టిన పెసరపప్పూ, చిమ్మిలి ఉండలూ పళ్ళెంలో సర్దుకుంటోంది.

"మామ్మా, పొయ్యి వెలిగించవే. గోడ చల్లగా ఉంది."

"ఓలమ్మ, ఈయేళ నాగులసవితి కాదేటే! సవితి నాడు పొయ్యి రాజెయ్యకూడదు. నాగన్నకి సెగ తగుల్తాది. కళ్ళు పోతాయి."

"మా నాగన్నకి సెగే కావాలే మామ్మా! కరెంటు కూడా లేదు. నిన్న పెద్ద ఎలకని మింగాడు, చలికి అరక్కపోతే ఎలా?"

"పోయినేడు మాత్రం ఎలిగించేనా? ఏటైనాది? ఆడి పండగ రోజున ఆడికే సెగెట్టమంటావేటే గుంటా? నీకు తెలీదు, ఊరుకో."

కాళ్ళ మీద పడ్డాను. నిజంగా పడ్డాను, ఆ తడి గచ్చు మీద. ఆవిడ నన్ను లేవనెత్తి, చేతిలో చిమ్మిలి ఉండ పెట్టింది. దాన్ని గోడకేసి కొట్టి వచ్చేశాను. గంట గడిచిందో లేదో ఆవిడే మా ఇంటికి వచ్చింది, ఇత్తడి చెంబుతో పాలు పట్టుకుని. వానలో పుట్ట దగ్గరికి ఎవరు పోగలరు, పక్కింట్లోనే నాగన్న ఉండగా. నేను బీరువాకి అడ్డం నిలబడితే అమ్మ నా రెక్క పట్టి పక్కకి లాగింది. "పోన్లే, పెద్దావిడ, ఆవిడ నమ్మకం ఆవిడది" అంది. సంఘపెద్దలు వస్తే టీ ఇచ్చింది, మామ్మ వస్తే దారి ఇచ్చింది, కాదనడం మా అమ్మకి దుమ్ము దగ్గర తప్ప ఎక్కడా చేతకాలేదు. మామ్మ కళ్ళు మూసుకుని జాలీలోంచి చెంబెడు పాలూ ధారగా పోసింది, మీద పసుపు చల్లింది. దొర తడిసి ముద్దయి మూలకి పాకాడు. పొట్టు పరుపంతా పాల బురద.

పొట్టు మార్చాను, పాత చీరతో తుడిచాను. అమ్మ స్టవ్వు మీద ఇటిక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టాను. ఆ పూటకి కిరసనాయిలు అడుగంటింది. మర్నాడు కూడా గోడ చల్లగానే ఉంది. మామ్మ పెరట్లోంచే చెప్పింది, కప్పు కారి పొట్టు బస్తాలు తడిసిపోయాయట, ఎంత అంటించినా పొగే తప్ప నిప్పు పట్టడం లేదట. ఆ పొగ నా కళ్ళకి కూడా కనిపిస్తూనే ఉంది. అయినా నమ్మలేదు. నమ్మదలుచుకోలేదు. ఆ సాయంత్రం దొర ఎలకని కక్కేశాడు. ఆ కంపు వంటింట్లోంచి వారం పోలేదు. కక్కి, చప్పబడి, తాడులా పడున్నాడు.

మూడో రోజు పొద్దున్నే బోనులో చిన్న ఎలక ఒకటి కనిపించింది. పొట్ట ఖాళీ అయిపోయింది, నీరసంగా ఉన్నాడు, తింటే ఓపిక వస్తుందనుకుని వేశాను. తిన్నాడు పాపం. నా సంతోషం ఇంతా అంతా కాదు. తలెత్తి చూస్తే మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది, నెత్తి మీద గోనెసంచి కప్పుకుని.

"ఇప్పుడేటి ఎట్టకే రూతమ్మా. కక్కినోడికి లంకణవే మందు. పది పదేను రోజులు ఒగ్గెయ్, ఆడే లేత్తాడు. లంకణం పరమౌషధమన్నారు పెద్దోళ్ళు."

నిన్న చలికి చంపబోయింది చాలక ఇవాళ ఆకలికి చంపుతుందా! "నోరు ముయ్యి మామ్మా! నీ చవితి తగలెయ్యా! మా ఇంట్లోంచి పో!" అని అరిచాను. పన్నెండేళ్ళ దాన్ని, డెబ్భై ఏళ్ళ మనిషిని. అమ్మ నా చెంప వాయించింది. మామ్మ గోనెసంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దొర మళ్ళీ కక్కాడు. నాలుగో రోజు మళ్ళీ పెట్టాను, నోరు తెరిచి వేలితో తోసి మరీ పెట్టాను. అయిదో రోజు వాన తగ్గి కరెంటు వచ్చింది, గోడ కూడా వెచ్చబడింది. ఆరో రోజు పొద్దున్న నాన్న వచ్చేసరికి దొర ఆ వెచ్చటి గోడకి ఒళ్ళు ఆనించి చచ్చిపోయి ఉన్నాడు.

నాన్న నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, చెప్పేదాన్ని. దొరని తన ఖాకీ చొక్కాలో చుట్టి కొండవార తుప్పల్లో పాతిపెట్టి వచ్చి, "దొరగారు ఓడెక్కేసినారమ్మా" అన్నాడు. బీరువా కడిగి, వీపు చెక్క మళ్ళీ కొట్టి అమ్మకిచ్చేశాడు. గోడలో తొలిచిన గుంట మాత్రం పూడ్చలేదు. నాన్న ఆ తర్వాత అంత నవ్వగా నేను చూడలేదు.

మామ్మతో నేను మాటలు మానేశాను. ఇడ్లీ పంపిస్తే తిప్పి పంపాను. మరుసటేడు నాగులచవితి రోజు పొద్దున్న వంటింట్లో నీళ్ళు తాగుతూ ఆ గుంటలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. చవితి నాడు మామ్మ పొయ్యి వెలిగించింది! బయట లైను ఆడవాళ్ళంతా ఆవిడ మీద విరుచుకుపడుతున్నారు.

"సవితి నాడు పొయ్యెలిగిత్తావా ముసిల్దానా! కళ్ళు పోతాయే!"

"పోతే పోనీండి. పోయినేడు ఎలిగించనేదు, సాలు" అంది మామ్మ.

ఆ మాట నేను గోడ ఇవతల నుంచి విన్నాను. మనసు కరిగిందనుకుంటున్నారేమో, లేదు. ఇంకా మండింది. చచ్చాక వెలిగిస్తే ఎవడికి కావాలే నీ పొయ్యి అనుకున్నాను. నేను నర్సింగులో చేరి ఇల్లు వదిలేదాకా ప్రతి చవితికీ ఆ గోడ వెచ్చగానే ఉండేది. ప్రతిసారీ చెయ్యి పెట్టి చూసేదాన్ని, ప్రతిసారీ తిట్టుకునేదాన్ని. చివరికి ఆవిడ జబ్బు పడి నేను పనిచేసే ఆసుపత్రికే వచ్చింది. నాది పిల్లల వార్డు, ఆవిడ కింది అంతస్తులో. "రూతమ్మకి కోపం తగ్గిందా అని అడుగుతోందే, ఓసారి మెట్లు దిగి సూసి రాయే" అంది అమ్మ. డ్యూటీ ఉందన్నాను. ఉంది కూడా. డ్యూటీ లేనిదెప్పుడు? మూడో రోజు ఆవిడ పోయింది.

ఇప్పుడు శైలు మాట. గాజు పెట్టె ముందు నిలబడి నేను ఊరికే అడిగాను. "కరెంటు పోతే చలికి చచ్చిపోదూ ఇది?"

"చలికా? విశాఖపట్నం చలికి దీనికేమవుతుందత్తా!" అని నవ్వింది శైలు. "దీని సొంత ఊళ్ళో మంచు పడుతుంది. అక్కడ చలికాలమంతా తిండి లేకుండా పడుకుంటుంది. తిన్నాక చలేస్తే అరక్క కక్కేస్తుంది, అంతే. కక్కినా పరవాలేదు. పది, పదిహేను రోజులు ఏమీ పెట్టకుండా వదిలేస్తే అదే లేస్తుంది. తెలియనివాళ్ళు పాపం ఆకలేస్తోందేమో అని మర్నాడే పెట్టేస్తారు. పొట్ట పాడైపోయి మళ్ళీ కక్కుతుంది, మళ్ళీ పెడతారు. అలా చంపేస్తారు."

పది పదేను రోజులు ఒగ్గెయ్, ఆడే లేత్తాడు. అక్షరం తేడా లేదు. పాముల సంగతి ఒక్క పుస్తకం చదవని ముసలిది, కక్కిన ప్రాణికి ఏం చెయ్యాలో తెలిసినది, నా ఎదురుగా నిలబడి చెప్పింది. నోరు ముయ్యమన్నాను. పోనీ అప్పుడు చిన్నదాన్ని. తర్వాత ముప్పై మూడేళ్ళు పిల్లల వార్డులో ఏం చేశాను? వాంతి చేసుకున్న బిడ్డకి వెంటనే పాలు పట్టొద్దమ్మా, కాసేపు కడుపుని ఊరుకోనియ్యండి అని కొన్ని వందల మంది తల్లులకి చెప్పాను. వినకపోతే కసిరాను. "చంపుకుంటారా బిడ్డని!" అని ఒకామెని ఏడిపించాను కూడా. అన్నిసార్లలో ఒక్కసారి, ఒక్కసారైనా ఆ జాలీ బీరువా నాకు గుర్తు రాలేదే! నా వేలితో తోశాను. ఈ వేలితోనే.

శైలు "ఏంటత్తా, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది. ఎండకి అన్నాను. ఇంటికి వచ్చేశాను. మూడు వారాలుగా కోపం తగ్గడం లేదు. శైలు మీద కోపం, అంత తేలిగ్గా చెప్పినందుకు. అమ్మ మీద కోపం, ఒక్క చెంప వాయించి ఊరుకున్నందుకు. నాన్న మీద కోపం, అడగనందుకు. మామ్మ మీద కోపం, నేను చెప్పాను కదే అని ఒక్కసారైనా తిరిగి అననందుకు. వేలు పెట్టి చూపించుకోదగ్గ మనిషిని, నన్నొక్కదాన్నే వదిలేసి అందరినీ తిట్టుకుంటున్నాను. ఆ లైనిళ్ళు కొట్టేసి చాలా కాలమైంది, వెళ్ళి చెయ్యి పెట్టడానికి ఆ గోడ కూడా లేదు.

నిన్న నాగులచవితి. నా మూలాన మామ్మ అన్నేళ్ళు పొయ్యి వెలిగించి తప్పిన చవితి. పొద్దున్నే మా ఆయన పేపరు మడిచి కాఫీ అడిగారు. గ్యాసు అయిపోయిందన్నాను. ఆయన వంటింట్లోకి వెళ్ళి సిలిండరు ఎత్తి చూసి, "నిండుగా ఉందిగా రూతూ, మొన్ననేగా మార్చాం" అన్నారు.

"అయిపోయిందని చెప్తున్నానా!" అని అరిచాను. "ఇవాళ ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."